తుక్కు అన్నది ఎవరు?

బ్రాడీపేట అడ్డరోడ్లలో పొద్దున్నే "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని కేక వినపడుతుంది. ఆ తోపుడు బండిలో ఏముంటాయి? తెగిన సైకిలు చైన్లు, అరిగిన బేరింగులు, తుప్పు పట్టిన నట్లు, బోల్టులు. ఇంటివాళ్ళకి అది చెత్త. బండి తోసేవాడికి కూడు. పక్కనున్న తెనాలిలో అదే శిల్పం.

తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర తుక్కు ఇనుముతో విగ్రహాలు చేశారు. 10 అడుగుల గాంధీ బొమ్మకి దాదాపు 75,000 నట్లు అతికారు. 2021లో 14 అడుగుల మోడీ బొమ్మ చేశారు. ఎవరి బొమ్మ అన్నది కాసేపు పక్కన పెడదాం. చేసిన తీరు చూద్దాం. దగ్గరికెళ్తే నట్టు నట్టులాగే ఉంటుంది. ఇనుము తన పుట్టుక దాచుకోదు. అందం అక్కడుందంటాం మేం.

ఈ దేశంలో రాయికీ కంచుకీ పూజలు జరిగాయి. తోలు, మట్టి, చెత్త ముట్టిన చేతుల్ని మాత్రం గుమ్మం బయటే నిలబెట్టారు. ఏది అందమో చెప్పే హక్కు కూడా పని చెయ్యనివాళ్ళే అట్టిపెట్టుకున్నారు. మంగలి కుటుంబంలో పుట్టిన రాంకింకర్ బైజ్ 1938లో శాంతినికేతన్‌లో దీన్ని తిరగేశాడు. సిమెంటు, ఎర్ర గులక కలిపి, సామాను మోసుకుని నడిచే సంతాల్ కుటుంబాన్ని నిలబెట్టాడు. నునుపు చెయ్యలేదు. ఆ బతుకు నునుపైందా మరి?

2024 జనవరి 19న విజయవాడలో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం చూడండి. ఎండకి మెరిసేది కంచు. లోపల బరువు మోసేది ఉక్కు. మన జనం సంగతీ ఇంతే కదా!

మన వాడల్లో వెల్డింగు పనికెళ్ళే కుర్రాళ్ళున్నారు. వాళ్ళని కూలీలంటున్నారు, కళాకారులనడం లేదు. అందుకే మా మాట ఇది. ఈసారి చందాలేసుకుని సిమెంటు బొమ్మ కొనేముందు ఆలోచించండి. అరిగిన కొడవలి, విరిగిన పార, ఇంటికో ముక్క పోగెయ్యండి. మన కుర్రాళ్ళని పని తెలిసిన శిల్పి పక్కన కూర్చోబెట్టండి. బాబాసాహెబ్‌ని ఆ ఇనుముతో నిలబెట్టండి.

"తుక్కుతో చేస్తారా, అవమానం కాదూ?" అని కొందరంటారు. మన చేతుల్లో అరిగిన ఇనుము బాబాసాహెబ్‌కి అవమానం ఎట్లా అవుతుంది? దిమ్మె మీద నాయకుడి పేరు, దాత పేరు చెక్కించడం చూస్తూనే ఉన్నాం. వాటికంటే ముందు ఇనుము ఏరినవాళ్ళ పేర్లు, అతికినవాళ్ళ పేర్లు చెక్కించండి.