మన పిల్లలు – మన ఆరోగ్యం: బడి రోజున వచ్చే కడుపునొప్పి

క్రిందటి నెల దగ్గు గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి మందు లేని ఒక కడుపునొప్పి సంగతి. తల్లిదండ్రుల అనుమతితోనే వ్రాస్తున్నాము.

గుంటూరు వైపు నుంచి మలేషియా వచ్చి స్థిరపడిన ముస్లిం దంపతులు తమ అయిదేళ్ళ పాపను మా దగ్గరకు తీసుకువచ్చారు. ఇంట్లో తెలుగు, బడిలో మలయ్, మతపాఠంలో అరబ్బీ. సెలవు రోజున హాయిగా ఆడుకుంటుంది. బడి ఉంటే మాత్రం తెల్లవారగానే కడుపునొప్పి. పరీక్షలలో ఏ జబ్బూ కనబడలేదు.

ఆ ఇస్లామీయ శిశుపాఠశాలలో పిల్లల్ని భయపెడుతున్నారేమోనని అనుమానించి, ఒకనాడు వెళ్ళి చూశాము. మా అనుమానం తప్పు. వజూ చేసే పద్ధతి, తినబోయే ముందు బిస్మిల్లా, ఎదురైన వారికి సలాం – అన్నీ ఆటపాటలతోనే. చదువుకు 'ఇక్రా' అనే ఆరు చిన్న పుస్తకాలు. ఇండోనేషియాలోని జోగ్జకార్తాకు చెందిన అస్అద్ హుమామ్ 1980లలో తయారుచేసిన పద్ధతి అది. అక్షరాల పేర్లు వల్లె వేయించకుండా 'అ, బ' అని నేరుగా శబ్దమే పలికిస్తారు. ఒక్కొక్కరే ఉస్తాజా ప్రక్కన కూర్చుని చదువుతారు. పేజీ వస్తేనే తరువాతి పేజీ. ఎవరి నడక వారిది.

మరి నొప్పి ఎక్కడిది? ఇంట్లోదే! ప్రక్కింటి పిల్లవాడు మూడో పుస్తకానికి వచ్చాడని, రోజూ రాత్రి గంటసేపు చదివించి, తప్పితే కసురుకుంటున్నారు. "నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగో రోజునే బిస్మిల్లా చేయించాం డాక్టరుగారూ, అయినా వెనకబడింది" అన్నాడు తండ్రి దిగులుగా. నమాజు చెప్పమని ప్రవక్త చెప్పిన వయస్సే ఏడేళ్ళని ఉస్తాజా ఆయనకు గుర్తు చేసింది.

రాత్రి చదువు మానిపించాము. దాని బదులు, పాప నేర్చుకున్న చిన్న ప్రార్థనకు అర్థం తెలుగులో కథలా చెప్పమన్నాము. మూడు వారాల్లో నొప్పి పోయింది. ఒక హెచ్చరిక: నిద్రలో లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించాలి.

ఇతరులకు చెప్పడం తేలికే. మన సంఘం ఆదివారం తరగతిలో మా అబ్బాయి శ్లోకం తడబడితే, ఇంటికి వెళ్ళేదాకా కారులో ముఖం ముడుచుకునేది మేమే! అరబ్బీ అయినా, సంస్కృతమైనా పసివాళ్ళకు ముందు శబ్దమే. దానికి అర్థం చెప్పి, ప్రీతి కలిగించవలసింది ఇంటి భాష. ఆ పని మాత్రం ఏ బడికీ అప్పగించలేము.