గోడ పోయింది, నేల మిగిలింది: కువైట్ నుంచి మన ఊరికి ఒక పాఠం

శుక్రవారం సాయంత్రం పిల్లలను తీసుకుని కువైట్ సిటీలోని అల్ షహీద్ పార్కుకు వెళ్లే మన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ పచ్చదనం సరిగ్గా అక్కడే ఎందుకుందో మాత్రం మనం పెద్దగా ఆలోచించం.

1920లో, జహ్రా యుద్ధం జరిగిన ఏడాదే, పట్టణం చుట్టూ మూడో రక్షణ గోడ కట్టారు. చమురు డబ్బుతో ఊరు పెరిగాక 1957లో దాన్ని కూల్చేశారు. కానీ గేట్లను ఉంచారు. గోడ వెంబడి నేలను గ్రీన్ బెల్ట్‌గా వదిలారు. ఆ స్థలం ప్లాట్లుగా మారలేదు కాబట్టే 2015లో అక్కడ పార్కు తెరవగలిగారు.

జహ్రా పూల్ రిజర్వ్‌ది మరో దారి. శుద్ధి చేసిన మురుగునీరు చేరి రెల్లు పెరిగింది, వలస పక్షులు దిగాయి. పైకి పనికిరాని మడుగులా కనిపించే ఆ చోటును రక్షిత ప్రాంతం చేశారు.

కాపాడాల్సిన నేలను గుర్తించడానికి మూడు ప్రశ్నలు చాలు. అక్కడ ఊరి చరిత్ర ఉందా? నీళ్లు, చెట్లు, పక్షులు ఉన్నాయా? మామూలు మనిషి డబ్బు కట్టకుండా వెళ్లి కూర్చోగలడా? మూడో ప్రశ్నకు కువైట్‌లోనూ పూర్తి జవాబు లేదు. జిలీబ్, మహబూలా గదుల్లో ఇరుకుగా బతికే మన కార్మికులకు నడిచి వెళ్లే దూరంలో షహీద్ పార్కు లాంటిది లేదు.

ఇంకో కీలకమైన విషయం, సమయం. ధర పెరగకముందే గుర్తించాలి. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల గొడవ చెట్లు కూలుతుండగా రచ్చకెక్కింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికే చాలా పచ్చదనం పోయింది.

కువైట్‌లో మనవాళ్లలో ఎక్కువమంది కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల వాళ్లే. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, రాకూడని 6 దోషాలు అందులో చెక్కారు. నేలను ఎంచుకోవడం మనకు కొత్త విద్య కాదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇక్కడ మన బాధ్యతా ఉంది. చెమటోడ్చి పంపిన దినార్లే ఊళ్లో ప్లాట్లవుతున్నాయి. వెంచర్ బ్రోచర్ చూసి అడ్వాన్సు ఇచ్చేముందు సర్వే నంబరు అడగండి. అది చెరువు పోరంబోకా, వంకా, గుట్టా అని రెవెన్యూ రికార్డులో చూడమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. మీ డబ్బూ నిలుస్తుంది, ఊరి చెరువూ నిలుస్తుంది.

ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు ఊరి పెద్దలతో కూర్చుని కాపాడాల్సిన చోట్ల జాబితా ఒకటి రాయండి. గ్రామసభలో ఇవ్వండి. మన పిల్లలు తిరిగి వెళ్లేసరికి ఆడుకోవడానికి కాస్త నేలైనా మిగలాలి కదా!