కంచన్‌బాగ్ ప్రహరీకి ఇవతల

హైదరాబాద్‌ను రక్షణ పరిశోధనకూ, ఉత్పత్తికీ ప్రధాన కేంద్రంగా తీర్చిదిద్దాలన్న విషయంలో మన రాజకీయ పక్షాల మధ్య భేదాభిప్రాయం లేదు. ఇది ఆహ్వానించదగినదే. అయితే, ఆ కేంద్రం పక్కనే నివసించే ప్రజలకు దక్కుతున్నదేమిటన్న ప్రశ్న అరుదుగానే వినిపిస్తుంది.

డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ ప్రయోగశాలలు, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిధాని కంచన్‌బాగ్‌లోనే ఉన్నాయి. 1982లో డీఆర్‌డీఎల్ సారథ్యం స్వీకరించిన అబ్దుల్ కలాం నాయకత్వంలోనే పృథ్వి, అగ్ని క్షిపణులు రూపుదిద్దుకున్నాయి. ఆయన చిత్రపటానికి పూలమాల వేయడానికి నాయకులందరూ ముందుంటారు. కాని కూతవేటు దూరంలోని హఫీజ్‌బాబానగర్, చాంద్రాయణగుట్ట యువకులలో ఎందరు ఆ ద్వారం దాటి లోపలికి వెళ్లగలిగారు? ప్రభుత్వోద్యోగాలలో ముస్లింల వాటా జనాభా నిష్పత్తి కంటే చాలా తక్కువని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది.

మనం కోరుతున్నది దయాభిక్ష కాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం ఇంతటి పెద్ద కర్మాగారాలు అభ్యర్థులను శిక్షణకు తీసుకోవలసిందే. ఎంపిక ప్రతిభను బట్టే జరగనివ్వండి. అవకాశం ఉన్నదన్న కబురు మాత్రం ఉర్దూలోనూ పాతబస్తీ విద్యాసంస్థలకు చేరాలి. అక్కడి ఐటీఐలలో ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రానిక్స్ విభాగాలు బలపడాలి. కొత్త రక్షణ పరిశ్రమకు భూమి కేటాయించే ప్రభుత్వం స్థానికుల శిక్షణను షరతుగా విధించాలి.

రక్షణ కేంద్రానికి మద్దతు పలికే ప్రతి ప్రజాప్రతినిధినీ పాఠకులు ఒక్క లెక్క అడగాలి: ఈ ఏడాది మా బస్తీ నుండి ఎందరు శిక్షణకు ఎంపికయ్యారు? సమాధానం లేని మద్దతు నినాదంగానే మిగిలిపోతుంది.