కాపీ శాతానికి అందని నిజాయతీ

పరిశోధన పత్రం ఎలా రాయాలో అమెరికాలో ఒక తరం సైకాలజీ విద్యార్థులకు నేర్పిన పాఠాల్లో డారిల్ బెమ్ రాసిన అధ్యాయం ఒకటి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన బెమ్ దాన్ని 1987లో, పరిశోధన రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం తెచ్చిన ఒక సంకలనానికి రాశారు. చదివించే రచన అది. పరిభాష తగ్గించమంటారు, ముందు మనుషుల గురించి చెప్పి ఆ తర్వాతే సిద్ధాంతాల జోలికి వెళ్లమంటారు. ఆ సలహాలు ఇప్పటికీ పనికొచ్చేవే. అయితే అదే అధ్యాయంలో ఇంకో మాట కూడా ఉంది. ప్రయోగం మొదలుపెట్టేటప్పుడు మనసులో ఉండే పత్రం ఒకటి, ఫలితాలు చూశాక రాయబుద్ధయ్యే పత్రం ఇంకొకటి. ఈ రెండోదే రాయాలన్నారు బెమ్. డేటాను అన్ని వైపుల నుంచీ తిప్పి చూడండి, ఆడవాళ్లనూ మగవాళ్లనూ విడదీసి చూడండి, ఆసక్తికరమైనదేదైనా తగిలితే పత్రాన్ని దాని చుట్టూ అల్లండి అన్నది ఆ సలహా సారాంశం.

చెడ్డ ఉద్దేశంతో ఇచ్చిన సలహా కాదు. పాఠకుడికి విసుగు పుట్టకూడదన్నదే ఆయన తాపత్రయం. చిక్కంతా అక్కడే వచ్చింది. ఫలితం తెలిశాక రాసుకున్న పరికల్పన, ముందే ఊహించిన దానిలా అచ్చయితే, జవాబులు వచ్చాక వాటికి సరిపోయే ప్రశ్నపత్రం తయారుచేసుకున్నట్టే. 1998లో నార్బర్ట్ కెర్ అనే సామాజిక మనోవిజ్ఞాని ఈ అలవాటుకు 'హార్కింగ్' అని పేరుపెట్టి, దాని నష్టాలను విడమరచి రాశారు. అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

పట్టించుకోక తప్పని పరిస్థితి తెచ్చింది మళ్లీ బెమ్మే. మనుషులు భవిష్యత్తును పసిగట్టగలరని చెప్పే పత్రాన్ని ఆయన 2011లో 'జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ'లో ప్రచురించారు. అందులో 9 ప్రయోగాలున్నాయి, 1000 మందికి పైగా విద్యార్థులు పాల్గొన్నారు. కంప్యూటర్ తెర మీద రెండు కర్టెన్లలో దేని వెనక శృంగార చిత్రం రాబోతోందో విద్యార్థులు 53.1 శాతం సార్లు సరిగ్గా చెప్పారట. గుడ్డిగా చెప్పినా 50 శాతం రావాలి. ఆ పత్రంలో అప్పటి ప్రమాణాల ప్రకారం తప్పుపట్టడానికేమీ లేదు. సమీక్షకులు ఆమోదించారు, గణాంకాలు పొందికగా ఉన్నాయి, వచనం సాఫీగా సాగింది. దాంతో సైకాలజీ విభాగాల ముందు రెండే దారులు మిగిలాయి: జ్యోతిషం నిజమని ఒప్పుకోవడం, లేదా తాము అన్నాళ్లుగా పత్రాలు రాస్తున్న పద్ధతిలోనే లోపముందని ఒప్పుకోవడం.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో అప్పటికి పరిశోధక విద్యార్థిగా ఉన్న స్టువర్ట్ రిచీ, మరో ఇద్దరితో కలిసి ఆ ప్రయోగాల్లో ఒకదాన్ని మూడుచోట్ల మళ్లీ చేశారు. ఏమీ రాలేదు. ఆ సంగతి రాసి పంపితే, పాత ప్రయోగాలను తిరిగి చేసిన పత్రాలు తాము వేయమని బెమ్ పత్రాన్ని వేసిన జర్నలే తిప్పి పంపింది. చివరికి 2012లో 'ప్లాస్ వన్' దాన్ని ప్రచురించింది.

బెమ్ పత్రం వచ్చిన 2011లోనే జోసెఫ్ సిమన్స్, లీఫ్ నెల్సన్, ఉరి సిమన్సన్ ఇంకాస్త అల్లరి చేశారు. బీటిల్స్ పాట 'వెన్ ఐయామ్ సిక్స్టీ ఫోర్' విన్న విద్యార్థుల వయసు, వేరే సంగీతం విన్నవాళ్లతో పోలిస్తే దాదాపు ఏడాదిన్నర తగ్గిందని గణాంకాలతో సహా 'నిరూపించారు'. పాల్గొన్నవాళ్లు నిజమైనవాళ్లే, అంకెలూ నిజమైనవే. మరి వయసెలా తగ్గింది? ఎంతమంది దగ్గర ఆపాలో ముందు అనుకోలేదు. ఎన్నో ప్రశ్నలడిగి, వాటిలో పనికొచ్చిన తండ్రి వయసును మాత్రం లెక్కలోకి తెచ్చారు. ఇంకో పాట విన్న మూడో గుంపును పత్రంలో ప్రస్తావించలేదు. ఇలాంటి నాలుగు వెసులుబాట్లు కలిపి వాడుకుంటే, 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాల అవకాశం సుమారు 61 శాతానికి చేరుతుందని లెక్కగట్టి చూపించారు. విడివిడిగా చూస్తే ఆ నాలుగూ అందరూ చేసేవే. విద్యార్థులు సీనియర్లను చూసి నేర్చుకునేవి కూడా అవే.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. బ్రయన్ నోసెక్ నాయకత్వంలో వందలమంది పరిశోధకులు పేరున్న జర్నళ్లలో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి, ఫలితాలను 2015లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. మొదటిసారి 97 శాతం అధ్యయనాల్లో కనిపించిన సార్థక ఫలితం, రెండోసారి 36 శాతంలోనే కనిపించింది. వీటిలో చాలావరకు మోసం కాదు. బెమ్ నేర్పిన 'మంచి రచన'ను శ్రద్ధగా పాటించిన మామూలు మనుషుల పని అది. అందుకే విద్యార్థికి ముందు భాష నేర్పి నీతి తర్వాత చెప్పుకుందామంటే కుదరదు. సైకాలజీ పత్రంలో ఏ వాక్యం ముందుండాలి, ఏ ఫలితం వదిలేయాలి అన్నవి శైలికి సంబంధించిన ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ అసలైన నీతి ప్రశ్నలు అవే.

నిజంగా మోసం జరిగిన చోట కూడా విద్యార్థుల పాత్ర గమనించదగ్గది. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో డీడెరిక్ స్టాపెల్ చాలా ఏళ్లు ప్రశ్నావళి పంచకుండానే డేటా సృష్టించారు. చెత్తాచెదారం పేరుకున్న రైల్వేస్టేషన్‌లో మనుషుల్లో జాతి వివక్ష పెరుగుతుందన్న ఆయన పత్రం 2011 ఏప్రిల్‌లో 'సైన్స్'లో వచ్చింది. అదే ఏడాది అదే విభాగంలోని ముగ్గురు యువ పరిశోధకులు నెలల తరబడి ఆధారాలు కూడగట్టి విషయం బయటపెట్టారు. 2012లో వచ్చిన విచారణ నివేదిక 55 పత్రాల్లో, ఆయన విద్యార్థుల 10 పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల్లో కల్పిత డేటా ఉందని తేల్చింది. ఆ విద్యార్థులు మోసగాళ్లు కారు. డేటా సేకరణ తాను చూసుకుంటానన్న గైడ్, అంకెలు తెచ్చి చేతిలో పెట్టారు. వాళ్లు విశ్లేషించి రాశారు. పూరించిన ప్రశ్నావళి కాగితం ఒక్కటైనా కంటబడకుండా డాక్టరేట్ చేతికి రావడం ఏ దేశంలోనైనా గైడ్లను ఉలిక్కిపడేలా చేయాలి.

ఇప్పుడు మన దగ్గరి ఏర్పాటు చూద్దాం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 జూలైలో తెచ్చిన నిబంధనలు గ్రంథచౌర్యాన్ని శాతాల్లో కొలుస్తాయి. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోగా సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పించే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిస్తే లెక్కలోకి తీసుకోరు. అసలేమీ లేని రోజులతో పోలిస్తే ఇది ముందడుగే. సిద్ధాంత గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి 'శోధ్‌గంగ'లోకి చేరి అందరికీ కనబడుతున్నాయి కాబట్టి, పాత థీసిస్‌కు కొత్త అట్ట వేయడం మునుపటంత సులువు కాదు.

కానీ ఈ శాతాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ముందు బెమ్ పత్రం పెడితే నిక్షేపంగా గట్టెక్కుతుంది. స్టాపెల్ పత్రాలదీ అదే దారి. కల్పించిన డేటా ఎవరి దగ్గరా కాపీ కొట్టింది కాదు కదా!

నిజాయతీగా రాసిన విద్యార్థికేమో అదే యంత్రం ఎర్రగీతలు పెట్టగలదు. కుంగుబాటును కొలిచే బెక్ ప్రశ్నావళిలో 21 అంశాలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు. ఈ సంగతిని ఎంతమంది రాసినా ఇంచుమించు ఒకేలా రాస్తారు, రాయాలి కూడా. శాతం తగ్గించుకోవడానికి మాటలు మార్చే సాఫ్ట్‌వేర్లను ఆశ్రయిస్తే ఏమవుతుందో గియోమ్ కబనాక్, మరో ఇద్దరు పరిశోధకులు 2021లో చూపించారు. 'బ్రెస్ట్ క్యాన్సర్' కాస్తా 'బోసమ్ పెరిల్' అయింది, 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' 'కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్' అయింది. అలాంటి పత్రాలు అంతర్జాతీయ జర్నళ్లలో అచ్చయ్యాయి కూడా. శాతం తగ్గింది, అర్థం పోయింది.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో కోణముంది. ఇంటర్ వరకో డిగ్రీ వరకో తెలుగు మీడియంలో చదివి, ఎమ్మెస్సీలో ఒక్కసారిగా ఇంగ్లీషులో డిసర్టేషన్ రాయాల్సివచ్చే వాళ్లు తక్కువేం కాదు. వాళ్లలో కాపీకి మొదటి కారణం చాలాసార్లు దురుద్దేశం కాదు, సొంత ఇంగ్లీషు వాక్యం మీద నమ్మకం లేకపోవడం. గైడ్ తిట్టని వాక్యం కావాలి, అది వేరేవాళ్ల పత్రంలో సిద్ధంగా ఉంది. ఇప్పుడు ఏఐ పుణ్యమా అని అలాంటి వాక్యం అడిగిన క్షణంలో దొరుకుతోంది, ఎక్కడా లేని పత్రాలకు రచయితల పేర్లు, సంవత్సరాలు తగిలించిన ఉటంకింపులు అదనంగా వస్తున్నాయి. దాన్ని పట్టుకుంటామనే డిటెక్టర్ల సంగతీ అంతంతమాత్రమే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకిచ్చి చూస్తే, సగటున 61 శాతం వ్యాసాలను యంత్రం రాసినవిగా ముద్రవేశాయి. చిన్న చిన్న మాటలతో, తిన్నగా రాసినందుకు పడిన శిక్ష అది. కాబట్టి డిటెక్టర్ చీటీ చూపించి విద్యార్థిని దోషిగా నిలబెట్టే గైడ్, తానే ఒక నిరాధార నిర్ధారణ చేస్తున్నట్టు.

ఇంగ్లీషు కన్నా లోతైన చిక్కు ప్రశ్నావళులది. అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద తయారైన స్కేలును రాత్రికి రాత్రి తెలుగులోకి దించి, కర్నూలు జిల్లా రైతుకో ఖమ్మం అంగన్‌వాడీ కార్యకర్తకో ఇస్తే వచ్చే మార్కులకు అర్థమేమిటి? ఒకరు తెలుగులోకి అనువదించాలి, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి, రెండింటినీ పోల్చాలి అని రిచర్డ్ బ్రిస్లిన్ 1970లోనే చెప్పారు. డిసర్టేషన్‌లో 'తెలుగులోకి అనువదించి వాడాం' అని ఒక్క ముక్కతో సరిపెట్టే బదులు ఎవరు చేశారు, ఎక్కడ తేడా వచ్చింది, ఏ ప్రశ్న దగ్గర జనం తడబడ్డారు అని అరపేజీ రాస్తే, అది సగటులూ సహసంబంధాలూ నింపిన పది పట్టికల కన్నా విలువైనది. ఆ అరపేజీని ఏ సాఫ్ట్‌వేరూ కాపీగా చూపలేదు, ఎందుకంటే ఇంకెవరి దగ్గరా అది ఉండదు.

ఒక పక్క దారి. అతీంద్రియ శక్తుల పరిశోధనతో తెలుగునాడుకు పాత చుట్టరికముంది. అమెరికాలో ఆ పరిశోధనకు పేరొందిన జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కె. రామకృష్ణారావు 1967లో విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని నెలకొల్పారు. రైన్ సంస్థలోనే 1974లో డైరెక్టర్ వాల్టర్ లెవీ పరికరాన్ని తారుమారు చేస్తుంటే, అనుమానమొచ్చిన సహాయకులు రహస్యంగా మరో రికార్డింగు పెట్టి పట్టుకున్నారు. అక్కడా పట్టుకున్నది కిందివాళ్లే. ఎగతాళికి గురై గురై రాటుదేలిన ఆ రంగమే మిగతా సైకాలజీ కన్నా ముందు మేలుకుంది. డచ్చి దేశంలో మార్టిన్ జాన్సన్ నడిపిన 'యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ' 1976 నుంచే, ప్రయోగం చేయకముందే ప్రణాళిక పంపమని పరిశోధకులను ప్రోత్సహించింది. దయ్యాల గురించి రాసేవాళ్లు పాటించిన జాగ్రత్త జ్ఞాపకశక్తి గురించి రాసేవాళ్లకు చేరడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 2013లో క్రిస్ చేంబర్స్ 'కార్టెక్స్' జర్నల్‌లో 'రిజిస్టర్డ్ రిపోర్ట్' పద్ధతి ప్రవేశపెట్టారు: ప్రశ్న, పద్ధతి చూసి ముందే అంగీకరిస్తారు, ఫలితం ఏదొచ్చినా వేస్తారు. తేడా ఎంతో 2021లో అన్నె షేల్ బృందం లెక్కించింది. మామూలు సైకాలజీ పత్రాల్లో 96 శాతం తమ మొదటి పరికల్పన నిజమైందని చెప్పుకుంటే, రిజిస్టర్డ్ రిపోర్టుల్లో ఆ వాటా 44 శాతమే.

ఈ 44 శాతం విద్యార్థికి పెద్ద ఊరట. పరికల్పన తప్పయితే డిగ్రీ పోతుందన్న భయమే అంకెలను నలిపేలా చేస్తుంది. అమెరికాలో జాన్ గ్రాహే తదితరులు నడిపిన ఒక ప్రాజెక్టులో డిగ్రీ విద్యార్థులు పేరున్న అధ్యయనాన్ని ఎంచుకుని పద్ధతి ప్రకారం మళ్లీ చేస్తారు. అక్కడ చూసేది పని నాణ్యతనే, ఫలితాన్ని కాదు. కొత్తదనం లేదని మన విభాగాలు ఇలాంటి పనిని చిన్నచూపు చూస్తాయి. ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్‌లో, 100 మందిని కూడగట్టడమే గగనమైన చోట, ఇంతకన్నా మంచి శిక్షణ ఇంకేముంటుంది?

అంకెలను తనిఖీ చేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. 20 మంది 1 నుంచి 5 వరకు పూర్ణాంకాల్లో ఒక్కో మార్కు వేస్తే సగటు 3.45 రావచ్చు, 3.50 రావచ్చు, 3.48 రావడం అసాధ్యం. నిక్ బ్రౌన్, జేమ్స్ హెదర్స్ 'గ్రిమ్' పేరుతో ప్రచారంలోకి తెచ్చిన ఈ పరీక్షకు కూడికలు, భాగహారాలు వస్తే చాలు. ఈ బ్రౌన్ కథా ఆసక్తికరమే. ఐటీ రంగంలో పనిచేసిన ఆయన నడివయసులో ఈస్ట్ లండన్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ మాస్టర్స్ కోర్సులో చేరారు. మనిషి వికసించాలంటే సానుకూల భావాలు ప్రతికూల భావాలకు 2.9013 రెట్లు ఉండాలన్న ప్రసిద్ధ పత్రం పాఠంగా ఎదురైంది. నాలుగు దశాంశ స్థానాల కచ్చితత్వం మనసుకెలా వచ్చిందని అడిగారు. అలన్ సోకల్, హారిస్ ఫ్రీడ్‌మన్‌లతో కలిసి 2013లో ఆ గణితాన్ని పూర్వపక్షం చేశారు. ఆ సంఖ్య వెనకున్న గణిత భాగాన్ని జర్నల్ ఉపసంహరించుకుంది. క్లాసులో విద్యార్థి అడిగిన ప్రశ్న అంతదూరం వెళ్లింది.

మన దగ్గర కొత్త చట్టమేదీ లేకుండానే చేయగలిగినది ఒకటుంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు పత్రం ప్రచురించి తీరాలన్న షరతును ఎత్తేశాయి, ప్రతి విద్యార్థికీ పరిశోధన సలహా కమిటీ ఉండాలన్నాయి. పరిశోధన ప్రతిపాదనను ఆ కమిటీ ముందుగానే పరిశీలిస్తుంది. అంటే ఏ ప్రశ్న, ఎంతమంది, ఏ స్కేలు, ఏ విశ్లేషణ అన్నవి తేదీతో సహా కాగితం మీద ఉండే అవకాశం మొదటి ఏడాదిలోనే ఉంది. చివర్లో సిద్ధాంత గ్రంథంతో పాటు ఆ ప్రతిపాదన నకలు, పేర్లు తీసేసిన మూల డేటా ఫైలు కూడా బయటి పరీక్షకుల చేతికి వెళ్లాలి. అనుకున్నదానికీ చేసినదానికీ మధ్య మారినవేమిటో, ఎందుకు మారాయో విద్యార్థి రెండు పేజీల్లో రాసివ్వాలి. వైవాలో మొదటి ప్రశ్న ఆ రెండు పేజీల నుంచే రావాలి. కాపీ శాతం చీటీ ఆ తర్వాత చూసుకోవచ్చు.