స్ప్రింగుల మోజు, చక్రాల మన్నిక

మన ఊళ్ళలో గేర్లున్న ప్రతి సైకిలూ గేరు సైకిలే. దానికి లావు టైర్లూ, ముందూ వెనుకా స్ప్రింగులూ, గొట్టాల మీద మెరిసే అక్షరాలూ చేరితే మౌంటెన్ బైకు అంటాము. ఈ మోజులో ఎంత డబ్బు మట్టిపాలవుతున్నదో ఏ అపార్టుమెంటు సెల్లారులోకి దిగి చూసినా తెలుస్తుంది. గాలి దిగిపోయిన టైర్లతో, తుప్పు పట్టిన గొలుసులతో, దుమ్ము కప్పుకుని వరుసగా నిలబడి ఉంటాయి. వాటి యజమానులంతా సోమరులని నేననుకోను. తొక్కాలన్న కోరికతోనే వారిలో చాలామంది కొన్నారు. కాకపోతే ఆ కోరికను నాలుగు వారాలలో చంపేసే సైకిలు కొన్నారు. వారమంతా వీధిలోనూ, ఆదివారంనాడు మట్టిదారిలోనూ తొక్కుకునేందుకు పాతికవేలలోపు సైకిలు వెతుక్కునేవారికి నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే: స్ప్రింగుల ఆశ వదులుకోండి, ఆ డబ్బు చక్రాల మీద పెట్టండి.

ఈ సైకిలు పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవారికి నా మాట వింతగా తోచదు. 1970ల దశకంలో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో, టామల్పైస్ కొండ పరిసరాలలో, కొందరు యువకులు పాత ష్విన్ సైకిళ్ళను బాగుచేసుకుని కొండదారుల వెంట కిందికి వదిలేవారు. 1976లో మొదలైన వారి పందేనికి రీప్యాక్ అని పేరు. వాలు దిగేసరికి వెనుక హబ్బులోని బ్రేకు కాగి, గ్రీజంతా పొగై పోయేది. మళ్ళీ కొత్త గ్రీజు కూరుకుంటే గాని సైకిలు కదిలేది కాదు గనుక ఆ పేరు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ వంటివారు ఆ గుంపులోనివారే. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ స్టంప్‌జంపర్ అనే సైకిలును పెద్ద సంఖ్యలో తయారు చేసి అమ్మింది. దానికి ముందుగాని వెనుకగాని షాకబ్జార్లు లేవు. ఆ పని చేసే ఫోర్కులతో రాక్‌షాక్స్ సంస్థ మొదలైనది 1989లో. అంటే మొదటి పది పన్నెండేళ్ళు కొండల మీద తొక్కినవారికి ఆధారం లావు టైరూ, గట్టి చక్రమూ, వంగే మోచేతులూ మాత్రమే.

షాకబ్జార్లు చెడ్డవని నేననడం లేదు. చౌక షాకబ్జార్లు చెడ్డవంటున్నాను. మంచి ఫోర్కు రెండు పనులు చేస్తుంది. స్ప్రింగో, బిగించిన గాలో దెబ్బను తీసుకుంటుంది. లోపలి నూనె ఆ స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని అదుపులో పెడుతుంది. చౌక ఫోర్కులో మొదటి పనే తప్ప రెండవది జరగదు. గుంట దాటగానే హ్యాండిలు పైకి తన్నుకొస్తుంది. లేచి నిలబడి తొక్కితే మన బలంలో కొంత చక్రానికి చేరకుండా స్ప్రింగును నొక్కడానికే ఖర్చయిపోతుంది. బరువు చూస్తే రెండున్నర కిలోలకు అటూయిటూ. అదే మామూలు ఇనుప ఫోర్కయితే కిలో పైచిలుకు. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి నీళ్ళు దిగి తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అప్పుడది పనిచేయని షాకబ్జారు, బరువు మాత్రం అంతే. ఇక వెనుక కూడా స్ప్రింగున్న చౌక సైకిలు సంగతి చెప్పనే అక్కరలేదు. దాని కీళ్ళు వదులై కిర్రుమనడం మొదలుపెట్టాక బాగుచేయగల మెకానిక్కు మన వీధుల్లో దొరకడు.

మా మేనల్లుడికి ఈ మధ్యనే మొదటి ఉద్యోగం వచ్చింది. మియాపూర్ నుంచి మాదాపూర్ దాకా సైకిలు మీద పోయిరావాలనీ, ఆదివారాలు గండిపేట వైపు మట్టిదారులు తొక్కాలనీ వాడి సరదా. బైకు కొంటే నెలనెలా వాయిదా కట్టాలి, ఇంటికి డబ్బు పంపాలి, రెండూ కుదరవు. ఇరవై వేలు దాచుకుని, ముందూ వెనుకా స్ప్రింగులున్న ఒక సైకిలు బొమ్మ నాకు చూపించాడు. "మామయ్యా, ఇందులో అన్నీ ఉన్నాయి, పైగా పద్నాలుగు వేలే" అన్నాడు. "అన్నీ ఉన్నాయి గనుకనే వద్దంటున్నానురా. పద్నాలుగు వేలలో అన్నీ పెట్టినవాడు ఏ ఒక్కటీ సరిగ్గా పెట్టి ఉండడు" అన్నాను. వాడికి సైకిలు ఆటవస్తువు కాదు. అది మొరాయించిన రోజు ఆటోకు డబ్బు పెట్టుకోవాలి. నాలుగు రోజులు మొరాయిస్తే తొక్కడమే మానేస్తాడు. వాడి కోసం ఆలోచించిన లెక్కే ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

మొదటిది టైరు. రెండంగుళాల లావున్న టైరే చౌకలో దొరికే అసలైన షాకబ్జారు. డెబ్బై కిలోల మనిషి తారురోడ్డు మీద 40 పి.ఎస్.ఐ. గాలితో, మట్టిదారిలో 30కి కాస్త అటూయిటూగా తొక్కవచ్చు. గాలి మరీ తగ్గిస్తే రాయి తగిలినపుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి చిల్లి పడుతుంది. నడుమ దాదాపు నునుపుగా, అంచుల్లో గుబ్బలతో ఉండే టైరు మన అవసరానికి సరిపోతుంది. అంతటా పెద్ద గుబ్బలున్న టైరు తారు మీద తేనెటీగల గుంపులా రొద చేస్తూ కాళ్ళను అలసిపోజేస్తుంది. మన డొంకల్లో, చెరువుకట్టల మీద రాళ్ళకంటె పెద్ద శత్రువులు పల్లేరుకాయలూ తుమ్మముళ్ళూ. అందుచేత మందమైన టైరూ, సంచిలో ఒక పంక్చరు కిట్టూ, చిన్న పంపూ ఏ స్ప్రింగుకన్నా విలువైనవి. చాలా మౌంటెన్ సైకిళ్ళకు మోటారుసైకిలు ట్యూబుకుండే రకం వాల్వే ఉంటుంది గనుక పెట్రోలు బంకులోనూ గాలి కొట్టించుకోవచ్చు.

రెండవది వెనుక హబ్బు. దుకాణంలో ఎవరూ దీని ఊసెత్తరు. పళ్ళచక్రాల గుత్తి మొత్తం హబ్బు మీదికి మరలా తిప్పి బిగించేది పాతపద్ధతి ఫ్రీవీలు. అందులో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉండిపోతుంది. ఇరుసు కొస ఆధారం లేకుండా బయటికి పొడుచుకుని ఉంటుంది. బరువైన మనిషి గుంటల్లో తొక్కితే ఆ ఇరుసు వంగుతుంది, ఒక్కొక్కప్పుడు విరుగుతుంది. క్యాసెట్టు పద్ధతిలో బేరింగు అంచు దాకా జరుగుతుంది గనుక ఆ బాధ తక్కువ. గుర్తుపట్టడం తేలిక. పళ్ళచక్రాలను వెనక్కి తిప్పి, నడుమనున్న పానా పట్టే గాడులను గమనించండి. పళ్ళతోపాటు గాడులూ తిరిగితే క్యాసెట్టు, అవి కదలకుండా ఉంటే ఫ్రీవీలు. ఒకే ధరలో రెండూ దొరికితే కళ్ళు మూసుకుని క్యాసెట్టున్నది తీసుకోండి.

గేర్ల సంఖ్య మూడవ మాయ. గొట్టం మీద 21 అని రాసి ఉంటే 8 గేర్ల సైకిలు చిన్నబోయినట్లు కనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాము. ముందు 42, 34, 24 పళ్ళూ, వెనుక 14 నుంచి 28 దాకా పళ్ళూ ఉన్న 21 గేర్ల సైకిలులో, పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం అత్యధికంగా 3 చుట్లు, అత్యల్పంగా 0.86 చుట్టు తిరుగుతుంది. ముందు ఒకే 32 పళ్ళ చక్రమూ, వెనుక 11 నుంచి 34 దాకా 8 చక్రాలూ ఉన్నదాంట్లో అవే అంకెలు 2.9, 0.94. తేడా అంతే. ఆ 21లో చాలావరకు ఒకదానికొకటి నకళ్ళు. పైగా ముందు గేరు మార్చే యంత్రమూ, దాని తీగా, అది చెడిపోయే అవకాశమూ అదనం.

బ్రేకుల విషయంలో నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. నాసిరకం డిస్కు బ్రేకు కన్నా మంచి వి-బ్రేకు మేలు. చౌక డిస్కు ఊరికే రాసుకుంటూ ఉంటుంది, దాని రేకు కాస్త వంగినా ఆగదు. వానలో, బురదలో ఎక్కువగా తిరిగేవారికి మాత్రం తీగతో పనిచేసే డిస్కు మంచిది. రిమ్ముకు బురద అంటినా అది పట్టుతుంది. హైడ్రాలిక్కు హాయిగా ఉంటుంది గాని, దాని గొట్టంలో గాలి చేరినపుడు తీసేవాడు మీ ఊళ్ళో ఉన్నాడో లేడో ముందే కనుక్కోండి.

వీటన్నిటికన్నా ముందు చూడవలసింది కొలత. సైకిలు మీద అటూయిటూ కాళ్ళు వేసి నిలబడితే పైగొట్టానికీ మీకూ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. మడమను పెడలు మీద ఆనించి, అది అడుగున ఉన్నపుడు, కాలు తిన్నగా సాగేటట్లు సీటు ఎత్తు పెట్టుకోవాలి. రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు దించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నెల తిరిగేసరికి మోకాళ్ళు నొప్పి పెడతాయి. అప్పుడు తప్పు వయసు మీదికి నెట్టి సైకిలు సెల్లారులో పెట్టేస్తాము.

"రాళ్ళమీద నుంచి దూకేవారి మాటేమిటి?" అని మీరడగవచ్చు. ఖాజాగూడ గుట్టల వంటి చోట్ల బండలు దిగాలనుకునేవారికి నిజమైన షాకబ్జారు అవసరమే. అది పాతికవేలలోపు కొత్త సైకిలులో దొరకదు. అటువంటివారు ఇంకా దాచుకోవాలి, లేదా పాతది వెతుక్కోవాలి. పాతది కొనేటపుడు ఫ్రేము అతుకుల దగ్గర బీటలున్నాయేమో చూడండి. గొలుసును స్కేలుతో కొలవండి. పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం గనుక 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే గొలుసు మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే పళ్ళచక్రాలూ అరిగిపోయి ఉంటాయి. ఆ ఖర్చును బేరంలో తగ్గించుకోండి.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్నుకు ముందు 15,000 ఉన్న సైకిలు మీద అది 1,050 రూపాయలు. ఆ మిగులును ఒక హెల్మెట్టు మీద పెట్టమంటాను. మిగతా బడ్జెట్టులో తాళమూ, ముందూ వెనుకా దీపాలూ, మడ్‌గార్డులూ చేరేటట్లు చూసుకోవాలి. ఇరవై వేలూ సైకిలుకే పోసి చీకట్లో దీపం లేకుండా ఇంటికి వచ్చే కుర్రవాళ్ళను రోజూ చూస్తున్నాను.

ఔటర్ రింగురోడ్డు పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో వచ్చింది. సంతోషమే. అయితే మియాపూర్ నుంచి మాదాపూర్ పోయే కుర్రవాడి దారి మాత్రం ఇప్పటికీ లారీల పక్కనే, గుంతల మీదుగానే. వాడు రేపు ఉదయం కూడా సైకిలే తీయాలంటే అది తేలికగా కదలాలి, పిలిచినపుడు ఆగాలి, చెడిపోతే వీధి చివర మెకానిక్కు ఒక పానాతో బాగుచేయగలగాలి. సైకిలు కొనేముందు దుకాణదారుణ్ణి ఈ మూడూ అడగండి. స్ప్రింగుల గురించి అతనే చెబుతాడు లెండి, అడగనక్కరలేదు.