రేసు పెంచితే స్పీకర్‌లో ఈల

కిరాయికి వ్యాన్ నడిపే ఒక తమ్ముడు అడిగిండు: “యాంప్లిఫయర్ పెట్టించినప్పటి సంది స్పీకర్లల్ల ‘కుయ్’మని ఈల వస్తున్నది. రేసు ఇస్తే ఇంకా పెరుగుతది. షాపుల ఫిల్టర్ కొనుక్కోమన్నరు. కొనాల్నా?”

ఇప్పుడే కొనకు తమ్మీ. ముందు చెవి పెట్టి విను. మగ్గాల మధ్య పెరిగినోళ్లం, చప్పుడు మారితే మిషన్‌ల ఏదో చెడిందని మనకు వేరే చెప్పాల్నా? ఇంజన్‌తో పాటు పెరిగే ఈల ఆల్టర్నేటర్‌ది. ఇంజన్ ఆపినా ‘స్స్’మని ఒకే తీరుగా వస్తుంటే అది వేరే, చాలాసార్లు యాంప్ గెయిన్ ఎక్కువ పెట్టి ఉంటారు, తగ్గించి చూడాలి. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. బిగించేవాళ్లే ఈ సంగతి మరిచిపోతారు.

ఈలకు మొదట అనుమానించాల్సింది ఎర్తు వైరును. స్టీరియో ఎర్తు ముందు ఒకచోట, యాంప్ ఎర్తు వెనక ఒకచోట బండి బాడీకి కలుస్తాయి. జాయింటు సరిగా లేకపోతే రెండింటి నడుమ వోల్టేజిలో కొంచెం తేడా వస్తుంది. అప్పుడు ఆల్టర్నేటర్ చప్పుడు ఆర్సీఏ వైరు పట్టుకుని పాటతో పాటు యాంప్‌లోకి పోతుంది. రంగు మీదనే స్క్రూ కొడితే ఇదే గతి. ఇనుము మెరిసేదాకా శాండ్‌పేపర్‌తో గీకి, నట్టు బోల్టుతో గట్టిగా బిగించాలి. వైరు ప్లస్ వైరంత లావుండాలి, 45 సెంటీమీటర్లు దాటకుంటే మంచిది. సీటు బెల్టు బోల్టు జోలికి పోవద్దు. రంధ్రం వేసే ముందు కింద పెట్రోలు ట్యాంకు, పైపులు చూసుకోవాలి.

మల్టీమీటర్ దొరికితే, ఇంజన్ నడుస్తూ పాట గట్టిగా వస్తున్నప్పుడు యాంప్ ఎర్తుకూ బ్యాటరీ మైనస్‌కూ నడుమ డీసీ వోల్టేజి చూడు. 0.1 దగ్గర ఉంటే బాగున్నట్టే. 0.5 చూపిస్తే జాయింటు మళ్లీ విప్పాల్సిందే.

ఎర్తు బాగున్నా ఈల పోలేదా? సిస్టమ్ ఆపి, యాంప్ దగ్గర ఆర్సీఏ పీకి, మళ్లీ ఆన్ చెయ్యి. ఆన్‌లో ఉండగా మాత్రం పీకకు, స్టీరియో చెడిపోవచ్చు. ఈల ఆగితే తప్పు ముందు వైపున్నట్టు: స్టీరియో ఎర్తు చూడు, ఆర్సీఏ వైరును కరెంటు వైరుకు దూరంగా బండి అవతలి పక్కనుంచి తే. ఆగకపోతే యాంప్ కరెంటు వైర్లు, స్పీకర్ వైర్లు చూడాలి. ఇవన్నీ అయినాకనే ఫిల్టర్.

ఈలతో సంబంధం లేదు గానీ, ప్లస్ వైరుకు బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు ఉందా? యాంప్‌లో ఉన్న ఫ్యూజు ఆ పొడుగు వైరును కాపాడదు. తొక్క ఊడి బాడీకి తగిలితే మంటలే. లేకుంటే ఈల సంగతి రేపు చూద్దాం, ఇయ్యాల ఫ్యూజు పెట్టించు.