మంత్రిగారూ, డ్యూటీకి ముందు చేసిన ప్రయాణం ఏ ఖాతాలో రాయాలి?

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నేను పైలట్‌ని. ఇల్లూ సంసారమూ హైదరాబాద్‌లో, కంపెనీ ఇచ్చిన బేస్, అంటే నా డ్యూటీ మొదలయ్యే ఊరు, ఢిల్లీ. పిల్లల బడి, అమ్మానాన్నల వైద్యం, ఇంటి అప్పు ఇవేవీ బేస్ మారినప్పుడల్లా మాతో కదలవు. అందుకే డ్యూటీ రోజుల్లో ఢిల్లీలోని ద్వారకాలో, సెలవుల్లో హైదరాబాద్‌లో ఉంటాను. నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు.

వేరే ఊళ్లో రాత్రి ఆగాల్సివస్తే కంపెనీ హోటల్ గది ఇస్తుంది. బేస్‌లో మాత్రం మా తిప్పలు మావే. రెండు పడకగదుల ఫ్లాట్‌ని ఐదారుగురం పంచుకుంటాం. కిటికీకి నల్ల కర్టెన్, తలుపు వెనక ఎవరెవరివో ఇస్త్రీ చొక్కాలు. రాత్రి రెండున్నరకు ఒకరి అలారం మోగిందంటే అందరికీ తెల్లారినట్టే. అర్ధరాత్రి దిగినవాడు లైటు వెయ్యలేక సెల్‌ఫోన్ వెలుతురులో మంచం వెతుక్కుంటాడు. (ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి మీద పేరు రాసిపెట్టినా మిగలదు, అది వేరే సంగతి.)

డ్యూటీ గంటలు రిపోర్టింగ్ టైమ్ నుంచే మొదలవుతాయి. తెల్లవారుజామునే లేచి శంషాబాద్ వెళ్లి, స్టాఫ్ టికెట్ మీద సీటు దొరుకుతుందో లేదో అని గేటు దగ్గర నిలబడి, మొదటి విమానం నిండిపోతే రెండోదానికి ఆగి, రెండు గంటలకు పైగా ఎగిరి ఢిల్లీ చేరిన మనిషి కాగితం మీద మాత్రం అప్పుడే నిద్రలేచి వచ్చినవాడు! వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచారు, సంతోషం. మాకు దాని రెండు కొసలనూ ప్రయాణమే మింగేస్తోంది.

దూరంగా ఉండటం మీ ఇష్టం కదా అంటారు. కొంత నిజమే. ముందురోజే చేరుకుని నిద్రపోయి రావడం పైలట్ బాధ్యత. కానీ నిద్రపోయే చోటు ఏదని ఎవరూ అడగరు.

2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. కెప్టెన్ ఇల్లు ఫ్లోరిడాలో, బేస్ నెవార్క్‌లో. కో-పైలట్ సియాటిల్ నుంచి రాత్రంతా కార్గో విమానాల్లో ప్రయాణించి ఆ ఉదయమే నెవార్క్ చేరింది. కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రధాన కారణమని దర్యాప్తులో తేలింది. అలసట కూడా పనిచేసి ఉంటుందని, అది ఎంతో మాత్రం చెప్పలేమని దర్యాప్తు బృందం అంది. ఆ తర్వాత అక్కడి చట్టసభ కాంగ్రెస్ పైలట్ల రాకపోకల మీదే ప్రత్యేకంగా అధ్యయనం చేయించింది. పరిమితులు విధించడానికి తగినంత సమాచారం లేదని, ముందు దాన్ని సేకరించాలని 2011లో ఆ అధ్యయన నివేదిక చెప్పింది. డ్యూటీ ముగిసేసరికి మెలకువ సుమారు 16 గంటలు దాటకుండా చూసుకోమని పైలట్లకూ సలహా ఇచ్చింది.

మన దగ్గర ఆ సమాచారం సేకరించడం కష్టం కాదు. ఎవరి ఇంటి అడ్రస్ ఏదో, బేస్ ఏదో కంపెనీల రికార్డుల్లోనే ఉంటుంది. దాన్ని తెప్పించండి. ప్రతి పెద్ద బేస్‌లో సిబ్బంది పడుకోవడానికి చీకటి గదులు పెట్టించండి. అన్నిటికన్నా ముఖ్యం, అలసిపోయాను, ఈరోజు నడపలేను అన్న పైలట్‌ని ఎక్కడి నుంచి వచ్చావని నిలదీసే పద్ధతి ఆపించండి. ఆ భయంతోనే చాలామంది నోరు మెదపకుండా కాక్‌పిట్ ఎక్కుతున్నారు.

శ్రీకాకుళానికీ ఢిల్లీకీ మధ్య తిరిగే మీకు ఈ ప్రయాణాల బడలిక ఒకరు చెప్పాల్సిన పని లేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏతో ఈ మాట మాట్లాడండి.

ఇట్లు,
ఢిల్లీ బేస్‌లో పనిచేసే ఒక హైదరాబాద్ పైలట్